నాలుగు, ఒకటి, సున్నా

మా కంపెనీ అంటే దబీర్‌పురా స్టేషన్ దగ్గర మూడో అంతస్తులో రెండు గదులు. వీడియో గేమ్‌లు ఆడి తప్పులు పట్టడం నా పని. ఆ ఏడాది మేం చేస్తున్న తెలుగు గేమ్‌లో ఒక కోట పట్నం ఉండేది. ఆడేవాళ్లు తమ మనిషిని తామే తయారుచేసుకుని ఆ పట్నంలో బతకొచ్చు, ఇష్టపడినవాళ్లను ప్రేమించొచ్చు. "ఎవరినైనా" అని మా ప్రకటనలోనే రాశాం.

నేను నాలాంటి అమ్మాయినే తయారుచేసుకున్నాను. చామనఛాయ, పొట్టి జుట్టు. ఆ పట్నంలో తాళాలు బాగుచేసే ఆమె ఒకతె ఉంది. మాటకు మాట అప్పజెబుతుంది, ఎవరికీ జంకదు. ఎన్నిసార్లు ఆమె కొట్టుకు వెళ్లినా, ఎంత సాయం చేసినా "నువ్వు నాకు చెల్లె లెక్క" అనేది. అదే పని మగమనిషితో చేయించి చూశాను. మూడో రోజుకే ఆమె సిగ్గుపడింది.

కూర్చుని లెక్క తీశాను. ఆడదాన్ని ప్రేమించే మగవాడికి నాలుగు ప్రేమకథలు. మగవాణ్ని ప్రేమించే ఆడదానికి ఒకటి. ఆడదాన్ని ప్రేమించే ఆడదానికి, మగవాణ్ని ప్రేమించే మగవాడికి సున్నా. తప్పుల జాబితాలో మొట్టమొదట అదే రాశాను.

మా టీమ్ లీడ్‌ను అందరం భాయ్ అనేవాళ్లం. అది చదివి నన్ను పిలిచాడు.

"ఇది బగ్ గాదు. మనం గట్లనే రాసినం."

"అయితే రాసుడే తప్పు, భాయ్."

"గా కథ ఎవరాడుతరు, చెప్పు?"

గదిలో ఇంకా నలుగురున్నారు. అయినా చెప్పాను.

"నేనాడుత. మగపిల్లగాన్ని జేసుకొని ఆడుడు నాకిష్టం లేదు. నా లెక్కనే ఆడుత."

ముప్ఫై ఏళ్లొచ్చినా సొంత అక్కకు కూడా చెప్పని మాట అది. భాయ్ నా జాబితాను మళ్లీ ముందుకు లాక్కున్నాడు. "సరే, తెరుస్తం తియ్," అన్నాడు.

మర్నాడు ఆ ప్రేమకథను ఆడవాళ్లకూ తెరిచారు. తాళాలామె నా అమ్మాయి దగ్గరికొచ్చి, మగవాడికని రాసిన మాటే అప్పజెప్పింది: "నీ మీసం జూస్తేనే నా మనసు పోయింది." గదంతా ఘొల్లుమంది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక అన్నాను: "తలుపు తీస్తే అయిపోతదా భాయ్? లోపల కూసోనీకి జాగ గావాలె."

"అయితే నువ్వే రాయి."

రెండు నెలలు రాశాను. నా తాళాలామె తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. అబద్ధమాడితే ఆడైనా మగైనా కొట్టు దిగి పొమ్మనేది. మిగతా ప్రేమకథలన్నీ అదే కొలతతో మార్చాం. ఆడవాళ్లకున్న ఆ ఒక్క కథ, కోట సిపాయిది, మగవాళ్లకూ సరిపోయేలా భాయ్ తనే కూర్చుని తిరగరాశాడు.

గేమ్ విడుదలయ్యాక అక్క కూడా ఆడింది. సంతోష్‌నగర్‌లో పాల వ్యాపారం చేస్తుంది. పొద్దుటి పాలు పోసొచ్చి మధ్యాహ్నాలు నా లాప్‌టాప్ ముందు కూర్చునేది. నాలుగో రోజు నన్ను కేకేసింది.

"ఈ తాళాలామె మీద రాసిందంతా నువ్వేనా?"

"నేనే రాసిన."

"ఉత్తగ రాసినవా, మనసుల ఉన్నదే రాసినవా?"

"మనసుల ఉన్నదే."

అక్క తెర మీది తాళాలామెను వేలితో చూపించింది. 

"గిసొంటామె దొరికితే ఇంటికి తోల్కరా," అంది. "ఎవరేమన్న అంటే నేనున్న, ఫికర్ జెయ్యకు."

ఆ సాయంత్రం మా వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ మిఠాయి పంచాను. ఎందుకని అడిగినవాళ్లకు, "నా గేమ్ వచ్చింది," అని గట్టిగా చెప్పాను.