సూడాన్ పాటలో మా అమ్మ కుక్కర్

రెండు బటన్లు కలిపి నొక్కితేనే రికార్డయ్యే టేప్‌రికార్డర్ గుర్తుందా మీకెవరికైనా? పొద్దున ఫోన్‌కి ఒక పాట వచ్చింది. వినగానే షార్జా రోలాలోని మా పాత ఫ్లాటు, ఎనభైల నాటి శుక్రవారాలు వాసనలతో సహా గుర్తొచ్చాయి: అల్లం వేసిన కాఫీ, చెమట, పప్పు.

కాఫీ, చెమట పక్కింటి సూడాన్ అంకుల్‌వి. ఆయన వీణకి బుడ్డ తమ్ముడిలాంటి ఊద్ వాయించేవాడు. స్నేహితులంతా ఆయన హాల్లో కూర్చుని, అందరూ ఒకేసారి పాడి, వాయించి క్యాసెట్ నింపేవారు. ఏ ఒక్కరు తప్పినా మళ్లీ మొదటినుంచే. రొద పడుతుందని ఏసీ ఆపేసేవారు. ఆ ఎండల్లో పాట పూర్తయ్యేలోపు పాడేవాడు కరిగిపోయేవాడు.

ఒకసారి పాట తప్పుల్లేకుండా చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గోడవతల మా అమ్మ కుక్కర్ కూతేసింది.

అంకుల్ పరుగున వచ్చాడు. "సిస్టర్, స్టవ్ బంద్! గానా ఖరాబ్!"

"పప్పు సగంలో ఉంటే ఎట్టా ఆపేది? మీ పాటే ఆపండి!" అంది అమ్మ, అచ్చ నెల్లూరు తెలుగులో.

మళ్లీ పాడే ఓపిక లేక "ఖలాస్" అనుకుని ఆ క్యాసెట్‌నే వాళ్ల ఊరికి పంపారు. అక్కడ పెళ్లిళ్లలో ఆ చోటు రాగానే జనమంతా ఈల వేసేవారట!

ఇప్పుడు ఆయన మనవడు ఒక్కడే కూర్చుని, కంప్యూటర్లోనే పాటలు కడుతున్నాడు. తాత పాటలోని రొదంతా తీసేసి నాకు పంపింది అతనే. అమ్మకి వినిపించాను. చివరిదాకా విని మొహం చిట్లించింది.

"ఏందిమే ఇది? విజిల్ రాకముందే దించేశాడు. పచ్చిగా ఉంది."