నేను పెట్టిన ప్రార్థన అంశం

నెలకో ఆదివారం మా సంఘంలో బల్ల ఆరాధన ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరిని వాళ్లు పరీక్షించుకోమని చెప్పి పాస్టర్ గారు కాసేపు మౌనంగా నిలబడతారు. ఆ మౌనమంటే నాకు భయం. ఏళ్లుగా అందులో ఒకటే గుర్తొస్తుంది. పక్కకు నెడతాను. చెయ్యి చాస్తాను. తీసుకుంటాను. బయటికి వచ్చి అందరికీ వందనాలు చెబుతాను. మోయలేక ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీకు నా ముఖం తెలియదు, అందుకే నోరు తెరవగలుగుతున్నాను.

ఈ బ్లాగు పాతవాళ్లకు గుర్తుండవచ్చు. పేరు పెట్టుకోకుండా ఇక్కడ ఇతరుల సొంత బ్లాగులను సమీక్షించేవాణ్ని. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె గది, ఉద్యోగం, ఆదివారం ఆరాధన. భోజనమయ్యాక కూర్చుని ఒక బ్లాగులోంచి ఇంకో బ్లాగులోకి లింకులు పట్టుకుని వెళ్లేవాణ్ని. ఒకావిడ బాల్కనీలో పెంచే వంకాయ మొక్కల గురించి రాసేది. ఒకాయన ఆఫీసు బస్సులో రోజూ ఎదురుసీట్లో నిద్రపోయే మనిషి గురించి రాసేవాడు. పట్టుమని పదిమంది చదవని రాతలు. వాటిలో ఎక్కడ గొంతు సొంతమో, ఎక్కడ అరువో, ఏ టపాతో మొదలుపెడితే మనిషి అర్థమవుతాడో చెప్పేవాణ్ని. అక్షరాల రంగు కళ్లు మండిస్తే అదీ చెప్పేవాణ్ని. కొందరు తామే లింకు పంపి అభిప్రాయం అడిగేవారు. అది నాకు ఇష్టంగా ఉండేది. ఇష్టమేనా, గర్వమా? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు.

అలాగే ఒకరోజు పేరు లేని మెయిల్ వచ్చింది. తన బ్లాగు సంగతి రూమ్మేటుకు తప్ప ఎవరికీ తెలియదని, నేనెవరో తెలియదు కాబట్టే నన్ను అడుగుతున్నానని, రాత బాగుందో లేదో నిజం చెప్పమని.

ఆమె నర్సు. పిల్లల వార్డులో పని. తాను వారమంతా ప్రార్థించిన ఒక పాప చనిపోయింది. అప్పటినుంచి మోకాళ్ల మీద కూర్చుంటే మాట రావడం లేదని రాసుకుంది. ఆదివారం చిన్నపిల్లలకు అభినయ గీతాలు నేర్పిస్తుందట. 'చేతులు వాటంతటవే కదులుతాయి, నేను అక్కడ ఉండను' అని ఒక వాక్యం. అది చదివి లేచి గదిలో తిరిగాను. అంత బాగుంది. తర్వాతి టపాలో, వాన లేకపోయినా పసుపు రెయిన్‌కోటు వేసుకుని వచ్చి, ప్రార్థనలో కూడా విప్పనని మొండికేసే ఒక పిల్లాడు కనిపించాడు.

ఆ రెయిన్‌కోటు నాకు తెలుసు. మా పాస్టర్ గారి మనవడిది.

మా సంఘంలో పిల్లలకు పాటలు నేర్పే నర్సు ఒక్కతే. అంటే రాసింది లిల్లీ. మా సంఘమే. నా వెనక వరసలో కూర్చుంటుంది. నన్ను అన్నా అని పిలుస్తుంది. (పేర్లు మార్చాను. ఈసారి నిజంగానే.)

అక్కడితో సమీక్ష సగంలో ఆపాను. ఆమె ఆత్మ గురించి దిగులు పట్టుకుంది. దిగులు నిజమే, అబద్ధం చెప్పను. కానీ నిజమైన దిగులు ఉన్నవాడు ఏం చేయాలి? ఆ మెయిలుకు జవాబు రాయాలి. లేదా వెనక్కి తిరిగి, ఎలా ఉన్నావమ్మా అని అడగాలి. నేను రెండూ చేయలేదు.

శుక్రవారం మాకు ఇళ్లలో ప్రార్థన కూటం. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ ప్రార్థన అంశం పెడతారు. ఒకరికి వీసా, ఒకరికి అమ్మ మోకాలి నొప్పి. కాస్త సున్నితమైన సంగతైతే పేరు చెప్పరు. ఒక సహోదరి అంటారు, ఒక కుటుంబం అంటారు. పేరు లేకపోతే అది చాడీ కాదని మా నమ్మకం. చిన్నప్పటినుంచి అలాగే పెరిగాను. ఆ వారం కూటం సుందరమ్మ ఆంటీ ఇంట్లో. వాళ్లు తాతల కాలంనుంచీ బెంగళూరు వాళ్లు. నా వంతు వచ్చింది. మన మధ్య ఒక సహోదరి విశ్వాసంలో చల్లారిపోయిందని, పిల్లలకు పాటలు నేర్పుతుంది గానీ తాను ప్రార్థించలేకపోతోందని, ఆమె కోసం భారంగా ప్రార్థిద్దామని చెప్పాను.

"ఎవురప్పా, మన లిల్లీనా?" అంది ఆంటీ. "పిల్ల మొగం ఎట్లనో ఉండాదే అని పోయిన వారమే అనుకుంటి."

"పేర్లు వద్దులే ఆంటీ" అన్నాను. అంటే అవుననే. గదిలో అందరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది.

కళ్లు మూసుకున్నాం. నేనే ప్రార్థించాను. ప్రభువా, ఈ బిడ్డ చేతులు వాటంతటవే కదులుతున్నాయి, తాను అక్కడ లేదు అన్నాను. ఎందుకన్నాను? ఆ వాక్యం బాగుంది కాబట్టి. నా నోట్లో అదెలా వినిపిస్తుందో చూడాలనిపించింది కాబట్టి. కన్నీళ్లు వచ్చాయి. పక్కనున్నవాళ్లు కూడా ఏడ్చారు. ఆ కన్నీళ్లు దొంగవైతే ఇంత భయపడేవాణ్ని కాదు.

లిల్లీని ఎవరూ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమ్మా అని పాస్టర్ గారు మెత్తగా చెప్పి పిల్లల క్లాసు వేరేవాళ్లకు ఇచ్చారు. సహోదరీలు ఆమె గదికి వెళ్లి తలమీద చేతులుంచి ప్రార్థించారు. అందరూ ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమలో, తాను ఒంటరిగా రాసుకున్న వాక్యం వాళ్ల నోటినుంచి ఆమెకు వినబడింది.

మరుసటి ఆదివారం బళ్లు నిలిపే చోట నన్ను ఆపింది.

"అన్నా, ఆ అంశం పెట్టింది మీరేనంట కదా. మీకు ఎవరు చెప్పారు?"

"ప్రభువు నా మీద పెట్టిన భారం చెల్లీ."

"ప్రభువు నా బ్లాగు చదవడన్నా. సునీత చెప్పిందా?"

సునీత ఆమె రూమ్మేటు. ఇద్దరూ కలిసి నర్సింగ్ చదివారు, ఒకే కంచంలో తిన్నారు. లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ లేదంటే, మరెవరు అంటుంది. బ్లాగు చదివానంటే, లింకు ఎవరిచ్చారంటుంది. అప్పుడు, తాను నమ్మి రాసిన ముఖం లేని మనిషి నేనేనని తెలిసిపోతుంది. ఇదంతా ఆ క్షణంలోనే ఆలోచించాను. తెలిసే అన్నాను.

"ఇప్పుడు పేర్లెందుకు చెల్లీ. ఎవరైనా సరే, క్షమించెయ్."

చిన్నగా నవ్వింది. "అంటే సునీతేనన్నమాట" అని హెల్మెట్ పెట్టుకుంది.

నాకు నేర్పిన మాటలన్నిటిలో పెద్దది క్షమాపణ. ఆ మాటనే నా తప్పు మీద మూతగా పెట్టాను.

లిల్లీ గది ఖాళీ చేసి వైట్‌ఫీల్డ్ వెళ్లిపోయింది. ఏ సంఘానికీ వెళ్లడం లేదని విన్నాను. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. బ్లాగు తీసేశానని, సమీక్ష వేయవద్దని. రాత బాగుందా లేదా అన్నది మాత్రం చెప్పమని. నేను జవాబు ఇవ్వలేదు. ఈ బ్లాగులో రాయడం కూడా మానేశాను, అదేదో ప్రాయశ్చిత్తం అన్నట్టు. అది దాక్కోవడం తప్ప ఇంకేమిటి?

సునీత మాత్రం ఇప్పటికీ శుక్రవారం వస్తుంది. ఆమె అంశం మారలేదు. లిల్లీ నాతో మాట్లాడాలి, నేనేం తప్పు చేశానో నాకు తెలియాలి అంటుంది. ఆ అంశం కోసం ఎన్నోసార్లు నేనే ప్రార్థించాను. దాగినది బయలుపరచమని గట్టిగా అడిగి, ఆమెన్ అన్నాను. పోయిన శుక్రవారం మళ్లీ నన్నే అడిగింది. మీరు ప్రార్థిస్తే మనసుకు నెమ్మదిగా ఉంటుందన్నా అంది. గొంతు బాగాలేదని చెప్పి ఇంకొకరికి అప్పగించాను. అది ఇంకో అబద్ధం. ఇంటికొచ్చి ఈ బ్లాగు తెరిచాను.

సగంలో ఆగిన సమీక్ష ఇక్కడ వేయను. ఆమె వద్దంది. అడిగినదానికి మాత్రం జవాబు. బాగుంది. ఈ బ్లాగులో నేను మెచ్చుకున్న వాటన్నిటికంటే బాగుంది. ఆ రోజు బళ్ల దగ్గర అడిగినదానికి కూడా జవాబు. సునీత చెప్పలేదు. చెల్లీ, నువ్వు నాకు పంపిన లింకులో నేను చదివాను. నేనే చెప్పాను.

ఈ లింకు ఇద్దరికీ పంపుతున్నాను. వచ్చే శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు ఒక సహోదరుడు అని అనను. నా పేరు చెబుతాను. ఆ తర్వాత వాళ్లు నన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. ఇదంతా ఈ చేతులతోనే రాశాను. ఇన్నేళ్లకు, ఆ చేతుల దగ్గర నేనూ ఉన్నాను.

నన్ను క్షమించమని లిల్లీని అడగను. ఆ మాట ఆమె మీద ఒకసారి వాడేశాను.