ఎండకు నౌకరి ఇచ్చిన సిస్టరమ్మ

మా తల్లిగారి ఊరి దవాఖానలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన సిస్టరమ్మ పోయిందని మొన్న ఆదివారం నిర్మల్ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. రొట్టెల పిండి కలుపుతున్నాను. చేయి ఆ పిండిలోనే ఉండిపోయింది.

ఇచ్చోడ నుంచి లోపలికి పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో కరెంటు పేరుకే ఉండేది. నాలుగు చినుకులు పడితే అదీ పోయేది. అందుకని టీకాలు ఊళ్ళో నిలవ ఉండేవి కావు. సిస్టరమ్మే మంచు డబ్బా భుజాన వేసుకుని బస్సులో తెచ్చేది. బస్సు చెడిపోయిందా, మంచు కరిగేది, మందు పారబోయాల్సి వచ్చేది. చంటిపిల్లలను ఎత్తుకొచ్చిన తల్లులు ఉసూరుమంటూ తిరిగిపోయేవాళ్ళు. ఆ తిప్పలు పడలేక పైవాళ్ళ వెంటపడి, దవాఖాన మీదికి సోలార్ పలకలు, లోపలికి వాటితో నడిచే ఫ్రిజ్ తెప్పించింది. మా దిక్కు ఎండ ఉన్నది తిట్టడానికే అనుకునేవాళ్ళం. ఆమె ఊరుకునేది కాదు.

"ఎండను తిట్టకుండ్రి. అది గిప్పుడు మన దవాఖానల నౌకరి చేస్తుంది" అనేది.

ఆ ఏడే నేను కాన్పుకు వచ్చాను, కొడుకు పుట్టాడు. దసరా వచ్చింది. నాగలికి, సైకిలుకు, బావి మోటారుకు పూజ చేసేవాళ్ళం, ఊరికి కొత్తగా వచ్చిన పలకలను వదిలేస్తామా? సిస్టరమ్మ సెలవు మీద నిర్మల్ పోయింది. మా బాపు ఇంకొందరిని వెంటేసుకుని దవాఖాన మీదికి ఎక్కాడు. పలకలకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిక్కగా పసుపు పూసి, బంతిపూల దండలు కప్పి, కొబ్బరికాయ కొట్టి దిగాడు. ఊరంతా మురిసిపోయింది.

సెలవు ముగిసి సిస్టరమ్మ వచ్చేసరికి ఫ్రిజ్ చప్పుడు లేదు. లోపల చలి తగ్గిపోతోంది. మర్నాడే టీకాల దినం. నా కొడుకుతో సహా ఊరి పసిపిల్లలందరికీ వేయాల్సినవి అందులోనే ఉన్నాయి. సీసాల మీద వేడికి రంగు మారే గుర్తులు చూసి, మందు ఇంకా చెడలేదని తేల్చుకుని, వాటిని మంచు డబ్బాలోకి మార్చింది. కొంగు దోపుకుని, బకెట్టుతో మీదికి ఎక్కి పలకలన్నీ కడిగింది.

సంగతి తెలిసి మా బాపు ముఖం పాలిపోయింది. పూజ వల్లే మందు పాడైందన్న మాట పుడితే ఇక ఏ తల్లీ పిల్లను తీసుకురాదు. అది ఆమెకూ తెలుసు. చర్చికి పోయే మనిషి, కావాలంటే మా మొక్కులను ఎత్తిపొడవచ్చు. పల్లెత్తు మాట అనలేదు.

"ఫికర్ చేయకు అన్నా, మందు మంచిగనే ఉన్నది. ముఖం నిండ పసుపు పూస్తే అది సూర్యున్ని ఎట్ల చూస్తది? బొట్టు కింద కంబానికి పెట్టుండ్రి, ముఖం మాత్రం రోజు కడుగుండ్రి" అంది.

మర్నాడు అందరికీ టీకాలు పడ్డాయి. మోకాళ్ళు మొరాయించేదాకా ఆ పలకలు కడిగే పని మా బాపు ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత ఊళ్ళోకి సోలార్ వీధి దీపాలొచ్చాయి, చేలల్లో సోలార్ మోటార్లు వచ్చాయి. పోయినేడు కరీంనగర్లో మా ఇంటి మీదా పలకలు బిగించారు. ఆ రోజే ఆమెకు ఫోన్ చేశాను. "బొట్టు యాడ పెట్టినవ్ బిడ్డా?" అని నవ్వింది. ఆ నవ్వు ఇక వినను. నా బిడ్డను, మా బాపు పరువును ఒక్క పూటలో కాపాడిన మనిషి. ఏమిచ్చినా ఆమె రుణం తీరదు.

నిర్మల్‌కు మట్టికి పోయాం. అప్పటి ఊరి పసిపిల్లలు, ఇప్పుడు ఎదిగినవాళ్ళు, ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చారు. పెట్టె దించాక, మట్టి పోసే పని మేమే చేస్తామని పట్టుబట్టారు. ఉక్కకు చొక్కాలు విప్పి, బనీన్ల మీద పారలు అందుకున్నారు. నా కొడుకూ వాళ్ళలోనే ఉన్నాడు. పార ఎత్తినప్పుడల్లా ఒక్కొక్కరి ఎడమ జబ్బ మీద, ఆమె సూది దిగిన చోట, చిన్న గుంట పడిన మచ్చ కనబడుతోంది.