పెద్దమ్మ చేసిన గౌరమ్మ

మా పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో, నిద్రలోనే. మతం మీద మండిపడే నా వ్యాసాలు చదివేవాళ్లు, చావు వీణ్ణి మెత్తబరిచిందని సంబరపడొద్దు. దర్శనం టికెట్టు కొన్నవాడికి దగ్గర్నుంచీ, కొననివాడికి దూరం నుంచీ కనబడే దేవుడితో నా పోట్లాట అలాగే ఉంది. ఆ పోట్లాటలో పెద్దమ్మ మీద మాత్రం నేనెన్నడూ గెలవలేదు.

పోచంపల్లి నుంచి వచ్చి మా గల్లీలో చీరల దుకాణం పెట్టిన ఇల్లు ఆమెది. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూలు వరుసలుగా పేర్చి, పైన పెట్టడానికి పసుపు తడిపి గౌరమ్మను చేసేది. ముద్దకు బొట్టు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని "అబ్బ!" అనేది. ఎవరో తలుపు తోసుకుని లోపలికొచ్చినట్టు. ఏటేటా అంతే.

"నువ్వే చేసినవ్ గద పెద్దమ్మా! మళ్ల గీ పరేషానేంది?" అనేవాణ్ణి.

"నేనే చేసిన కొడుకా. నా చేతులకు గింత ఎట్ల ఒచ్చిందని! నీకేమో అన్నీ ఎరికె. అన్నీ ఎరికైనోనికి పండుగేడిది?"

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బతుకమ్మ పండుగకు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో చేశాం. నడిరోడ్డు మీదే వంటావార్పు, నడిరోడ్డు మీదే బతుకమ్మలు. బతుకమ్మే మన జెండా అని నేను మైకులో అరుస్తుంటే పెద్దమ్మ నా చొక్కా లాగింది. "జెండా గాదురా, అమ్మ. జర మెల్లగ."

మధ్యాహ్నానికి పోలీసులు కదిలారు. జనం చెదిరిపోయారు. పెద్దమ్మ లేవలేదు. గౌరమ్మను నీళ్లలో కలిపి సాగనంపాలి. వదిలేసి పోతే బూట్ల కింద నలిగిపోతుంది.

"లే పెద్దమ్మా, లాఠీలొస్తున్నయ్!"

"ఒస్తే రానీ. అమ్మను రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతనా?"

ఒక ఆడ కానిస్టేబుల్ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "లెవ్వమ్మా. లేకుంటే ఎత్తి వ్యాన్ల ఏస్తం."

పెద్దమ్మ గౌరమ్మను అరచేతిలోకి తీసుకుని చూపించింది. "సూడు బిడ్డా, పొద్దుగాల గిది ఉత్త పసుపు." అంతే అంది.

ఆ పిల్ల చూసింది. చాలాసేపు చూసింది. "జల్ది కానియ్యి. మా సారు సూస్తే నా నౌకరీ పోతది," అని లాఠీ చంకలో పెట్టుకుని మాకు అడ్డంగా నిలబడింది.

వంటావార్పుకు తెచ్చిన నీళ్ల డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది. పెద్దమ్మ గౌరమ్మను అందులోకి వదిలింది. అవతల ఆగిపోయిన విజయవాడ బస్సులు హారన్లు కొడుతున్నాయి. నేను దేవుణ్ణి చూడలేదు, రాసిపెట్టుకోండి. డ్రమ్ము అంచు రెండు చేతులా పట్టుకుని లోపలికి ఒంగిన ఆ ముఖాన్ని చూశాను. పసుపు పొగలా విచ్చుకుంటూ అడుగుకు దిగుతోంది. ముద్ద కరిగేకొద్దీ ఆమె కళ్లు పెద్దవవుతున్నాయి. ఇటు నేను, అటు ఆ కానిస్టేబుల్, ఇద్దరం ఊపిరి బిగబట్టి ఆ నీళ్లలోకే చూస్తున్నాం.