ఇంకో నాలుగడుగులు

మా బత్తలపల్లె వైపు బావిలో నీళ్ళు తగ్గితే ఎవరూ ఆలోచించరు, లోతు పెంచుతారు. మా నాయన బతుకంతా అదే చేశాడు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, నడిసముద్రంలోని ఓ చిన్న దీవుల దేశానికి రెండేళ్ళ స్వచ్ఛంద సేవకు వెళ్ళినా నాలో ఉన్నది ఆ ఒక్క బుద్ధే.

తీరం వెంబడి పల్లెల్లో జనమే కట్టుకుంటున్న బడి గోడలు, రేవులు, బావులు తనిఖీ చేయడం నా పని. వారానికోసారి పడవలో తిరిగేవాణ్ణి. మొదటి నెల తిన్నది కడుపులో నిలవలేదు. పడవ నడిపే అతను నవ్వేవాడు. నేను వాంతులు చేసుకుంటూనే కాగితాలు నింపేవాణ్ణి, ఒడ్డున దిగగానే మాత్రం దొరలా నడిచేవాణ్ణి.

పడవ దారిలో చివరి దీవిలో ముప్పై ఇళ్ళు, ఒకే బావి. మనిషి నిలువు లోతు కూడా లేదు. వానల్లేని నెలల్లో అడుగున చెంబుతో తోడుకోవాల్సిందే. లోతు పెంచి గట్టు కట్టమన్నాను. బావి బాధ్యత చూసే ముసలామె వద్దంది. తెల్ల రాతిపొర దాటితే కింద ఉన్నది సముద్రమేనని, తమ పెద్దలెవరూ ఆ పొర దాటి తవ్వలేదని ఆమె తమ భాషలో అంటే, పడవ అతను నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. కరువు సీమలో పుట్టినవాణ్ణి, నీళ్ళ గురించి నాకు చెబుతావా అని అందరి ముందూ కసిరాను. ఆమె తల దించుకుంటే నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.

అయినా లోపల గుబులు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను.

"ముసల్దాని మాట ఇంటాండావా? నీళ్ళు యాడుంటాయప్పా, అడుగునే కదా ఉండేది. ఇంకో నాలుగడుగులు దించు," అన్నాడు నాయన.

దించాను. అక్కడే ఉండి తవ్విస్తే మూడో రోజుకే నీళ్ళు ఉబికి వచ్చాయి. ఫోటో పంపితే నాయన ఊరంతా చూపించుకున్నాడు. మరుసటి వారం నేను పడవ దిగేసరికి రేవులో ఒక్కరూ లేరు. బావి నీళ్ళు నోట పోసుకుంటే ఉప్పు. రాళ్ళు, ఇసుక పోసి అడుగు పూడ్పించాను. నెలలు గడిచినా ఉప్పు పోలేదు. అలాంటి దీవుల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతుందని చదివే ఉన్నాను, తలకెక్కించుకోలేదు.

ఆఫీసు కాగితాల్లో మాత్రం ఆ బావి పూర్తయిన పనుల్లో చేరింది. నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

ఆఖరిసారి నేను వెళ్ళిన పడవలోనే వాళ్ళకు తాగునీటి డబ్బాలు వెళ్ళాయి. పసిపిల్లలున్న ఇళ్ళకు ముందు ఇస్తూ ముసలామె కొలిచి పంచుతోంది. క్షమించమన్నాను. ఆమె పని ఆపకుండానే ఏదో అంది. పడవ అతను నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఈసారి నీళ్ళున్న ఊరి మనిషిని పంపమని వీళ్ళు మీ ఆఫీసును అడిగారట. మీ ఊళ్ళో నీళ్ళను ఏం చేశారో ఇక్కడా అదే చేశారంటోంది."

ఆ వారమే మా నాయన ఇంకో బోరు వేయిస్తున్నానని ఫోన్ చేశాడు. కాదనలేక, ఎన్ని అడుగులని మాత్రం అడిగాను.