తాడుకు అంటుకునే రంగు

బిట్రగుంట రైల్వే కాలనీలో తాడులాగుడు పందెమంటే జట్టుకు ఎనిమిది మంది. నాకు పన్నెండేళ్లున్న ఏడాది మా మీద పోటీకి గూడూరు పిల్లలు వచ్చారు. రెండు జట్లనూ పార్సెల్ ఆఫీసు కాటా ఎక్కించి నేనే తూచాను. వాళ్లు ఆరువందల తొంభై ఏడు పౌన్లు, మేము ఆరువందల యాభై ఆరు. నలభై ఒక్క పౌను తక్కువ. ఓడిపోతామని కాగితం మీద తేల్చి, రెండుసార్లు సరిచూసుకుని, మా వాళ్లకు చూపించాను. ఎవరూ మెచ్చుకోలేదు.

మా నాయకుడు ఇంజను డ్రైవరు గారి కొడుకు, ఆంగ్లో ఇండియన్. అతను కాగితం చూడలేదు, మా ఎనిమిదోవాణ్ణి చూశాడు. వాడు జువ్వలదిన్నెలో చేపలు పట్టేవాళ్ల పిల్లవాడు. మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ, బడిలో నా పక్కనే కూర్చునేవాడు. వాడి ఆట చూడాలని వాళ్ల నాయన ఆ రోజు వేటకు పోకుండా వచ్చి కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ నల్లోడు పట్టుకుంటే తాడుకు నలుపు అంటుకుంటాది. వీడొద్దు," అన్నాడు నాయకుడు.

కొందరు నవ్వారు. వాడు కంచె వైపు ఒకసారి చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

గార్డు గారి అబ్బాయి, అతనూ ఆంగ్లో ఇండియనే, తాడు కింద పడేశాడు. "మీ డాడీ ఇంజన్ దిగేసరికి బొగ్గు మసితో వీడికంటే నలుపు కదా. ఇంట్లోకి రానీకుండా తలుపేస్తారా ఏంది? వీడు లేకపోతే నేనూ లాగను."

ఎనిమిదిలో ఇద్దరు పోతే ఆరు. నాయకుడి పిడికిలి నా ముఖమంత ఉండేది. అయినా పక్కకు జరిగి "ఐదు" అన్నాను. నన్ను నేను తీసివేసుకోవడం అదే మొదలు.

"ఐదేందిరా?"

"ఇంక మిగిలింది మీరు ఐదుగురే అన్నా. గూడూరోళ్లు ఎనిమిది."

నాయకుడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, మా ఎనిమిదోవాడి వైపు తిరిగి గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. "సరే, అందరికన్నా వెనక నిలబడు."

మొదటిసారి అతను "వన్, టూ, త్రీ" అన్నాడు. సగం మంది టూకి లాగారు, సగం మంది త్రీకి. ఓడిపోయాం. నా కాగితం ఒక్కటే గెలిచింది.

అప్పుడు వెనకనుంచి మా ఎనిమిదోవాడు అన్నాడు: "ఎవరికి తోచినప్పుడు వాళ్లు లాగితే వల రాదబ్బయా. నేను ఐలేసా అంటా. 'సా' అన్నప్పుడే లాగండి, మిగతాసేపు ఊపిరి తీసుకోండి. మడమలు నేలలో గుచ్చండి."

సముద్రంలో వేసిన పెద్ద వలను ఒడ్డున నిలబడి లాగే పద్ధతి అది. కంచె దగ్గరనుంచి వాళ్ల నాయన కూడా గొంతు కలిపాడు. రెండోసారి గెలిచాం, మూడోసారీ గెలిచాం. ఆ నలభై ఒక్క పౌను ఎక్కడికి పోయిందో వెయ్యడానికి నా కాగితంలో చోటు లేదు.

తర్వాతి ఆదివారం మా ఎనిమిదోవాడూ, గార్డు గారి అబ్బాయీ, నాయకుడూ, నేనూ నలుగురం జువ్వలదిన్నె వెళ్లాం. వల ఒడ్డుకు వస్తోంది. ఇరవై మూడు మంది తాడు మీద ఉన్నారు. నాయకుడు బూట్లు విప్పి చేత పట్టుకుని కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"నేను పట్టుకోవచ్చా?"

మా ఎనిమిదోవాడు వల మీంచి చూపు తిప్పకుండానే జరిగి చోటిచ్చాడు.

"పట్టుకో అన్నా. తెలుపు అంటుకుంటే సముద్రంలో జాడించుకుంటాంలే."