నాయన చెప్పిన పడమటి బజారు

దయ్యాలను, గాలి సోకడాలను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆదివారం చర్చికి పోయే కుటుంబం మాది. పైగా నేను ఆత్మకూరులో సోషల్ టీచర్‌ని. ఇలాంటివి ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

మా నాయనది ఉదయగిరి దగ్గర మెట్ట సేద్యం. ఐదో తరగతితో చదువు ఆపేశాడు. నెల్లూరు దాటి ఎరగడు. పోయిన ఎండాకాలం జ్వరం ముదిరితే ఆత్మకూరు ఆస్పత్రిలో చేర్చాం. ఒంట్లో ఉప్పు తగ్గిందనీ, పెద్దవయసులో దానివల్ల మతి తప్పుతుందనీ డాక్టరు చెప్పారు.

పగలంతా మగతగా పడుకునేవాడు. ఎండ వాలేసరికి లేచి కూర్చుని సెలైన్ సూది పీకేసుకోబోయేవాడు. డప్పులు మోగుతున్నాయనీ, అవి ఆగేలోపు గేట్లు మూసేస్తారనీ కంగారు పడేవాడు. ఏ గేట్లని అడిగితే, ప్రతి పేటకీ చుట్టూ మట్టిగోడ ఉందన్నాడు. దారులన్నీ తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయట. పడమటి బజారు మధ్యాహ్నం గానీ తెరవరట. అక్కడికి పోయిన కూతురు ఇంకా రాలేదట.

"నేను ఇక్కడే ఉండాను కదా నాయనా" అన్నాను.

నా ముఖంలోకి తేరిపార చూశాడు. "నువ్వు కాదమ్మా. మా చిన్నపిల్ల. గేటు మూసినాక బయట కనబడితే బెత్తంతో కొడతారు దాన్ని."

అమ్మానాయనలకు నేనొక్కదాన్నే. నాకు ముందో వెనకో ఇంకో బిడ్డ పుట్టి పోయిందా అని అమ్మను వరండాలోకి తీసుకెళ్లి అడిగాను. లేదంది.

ఒక సాయంత్రం మంచం దిగి పడబోతుంటే పట్టుకున్నాను. ఇక ఏం చెప్పాలో తోచక, "వచ్చేసింది నాయనా, లోపలే ఉండాది" అన్నాను.

"గేటు మూయకముందేనా?"

అవునన్నాను. చాలాసేపు ఏడ్చి నిద్రపోయాడు. పొద్దున్నే నన్ను పేరు పెట్టి పిలిచి ఇడ్లీ అడిగాడు. రాత్రి సంగతేదీ గుర్తులేదన్నాడు.

బడులు తెరిచాక, పాఠం కోసం చైనా చరిత్ర వెతుకుతూ చాంగాన్ గురించి చదివాను. వెయ్యేళ్లకు ముందు చైనాను ఏలిన టాంగ్ చక్రవర్తుల రాజధాని అది. ఊరంతా చదరంగం గళ్లలా పేటలు, ప్రతి పేటకీ మట్టిగోడ. పొద్దుగూకితే డప్పులు కొట్టి గేట్లు మూసేవారు. ఆ తర్వాత పెద్దవీధిలో దొరికితే బెత్తం దెబ్బలు. పడమటి బజారు తెరిచేది మధ్యాహ్నమే. ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాను.

నాయన టీవీలో చూశాడేమో అనుకున్నాను. వార్తలు, పాటలు తప్ప పెట్టనే పెట్టడని అమ్మ అంటుంది. తోటి టీచరు పూర్వజన్మ అంది. మేము దాన్ని నమ్మము. పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేద్దామన్నారు.

ఉదయగిరి పోయినప్పుడు ఆ నగరం బొమ్మ ఫోనులో చూపించాను. నాయన కళ్లు చికిలించి చూశాడు. "ఏ ఊరమ్మా ఇది? బాగుండాది" అని ఫోను నాకిచ్చేసి, గొర్రెలకు నీళ్లు పెట్టడానికి లేచాడు.

ఆ పిల్ల సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు. లోపలికి వచ్చేసిందని ఆ సాయంత్రం చెప్పింది నేనే. ఎవరి బిడ్డ గురించి, ఎవరితో అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.